నీటితో పేచీ పెట్టుకున్న గొలుసు

నిడమనూరు నుంచి హాలియా వైపు వెళ్లినా, మిర్యాలగూడ వైపు వెళ్లినా నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు కింద వరి పొలాలే. నల్లగొండ జిల్లాలో చాలాచోట్ల ఈ నేల అడుగున పరుచుకుని ఉన్నది గ్రానైటు. దాని వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. కృష్ణ ఒడ్డుకు దిగి వాడపల్లి, మఠంపల్లి వైపు పోతే సిమెంటు ఫ్యాక్టరీలకు ముడిసరుకైన సున్నపురాయి తగులుతుంది. ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న ఆ రాయి ఈ గ్రానైటు కన్నా చాలా చిన్నది. మన ప్రాంతంలో చేత్తో తాకగలిగిన అతి పాతవాటిలో ఒకటి ఈ గ్రానైటు బండ.

అయితే ఆ బండ గట్టిపడే నాటికే భూమ్మీద ప్రాణం పుట్టి దాదాపు వంద కోట్ల ఏళ్లు గడిచిపోయాయి. ఆస్ట్రేలియాలోని పిల్బరా ప్రాంతంలో సుమారు 348 కోట్ల ఏళ్ల నాటి స్ట్రొమాటొలైట్లు దొరికాయి. సూక్ష్మజీవుల పొరలు ఒకదాని మీద ఒకటి పేరుకుని రాయిగా మారినవే ఇవి. మన కడప జిల్లా వేంపల్లె రాళ్లలోనూ ఇలాంటివి ఉన్నాయి కానీ అవి చాలా తర్వాతి కాలానివి. భూమి పుట్టింది 454 కోట్ల ఏళ్ల కిందట. కాబట్టి జీవం లేని రసాయనాల నుంచి జీవం తయారైన ఘట్టం ఆ రెండు తేదీల నడుమ ఎక్కడో జరిగింది. ఆ కాలపు రాళ్లు భూమ్మీద దాదాపు మిగల్లేదు. మిగిలిన కొద్దిపాటి రాళ్లు కూడా వేడికి, ఒత్తిడికి రూపు మారిపోయాయి. అందుకే ఈ కథను శాస్త్రవేత్తలు తవ్వి తీయలేకపోతున్నారు, ప్రయోగశాలలో గాజు పాత్రల్లో మళ్లీ నడిపించి చూడాల్సి వస్తోంది.

ఆ కథలో అన్నిటికన్నా మొండి ఘట్టం ఒకటుంది: మొట్టమొదటి పెప్టైడ్ ఎలా పుట్టింది?

పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాల పొట్టి గొలుసు. గొలుసు పొడవై, తనలో తాను మడతపడి ఒక రూపం తెచ్చుకుంటే ప్రొటీన్ అంటాం. కందిపప్పులోని ప్రొటీనూ ఇదే, మన కండరాలూ వెంట్రుకలూ ఇవే. ప్రసవ సమయంలో గర్భాశయాన్ని సంకోచింపజేసే ఆక్సిటోసిన్‌లో ఉండేవి కేవలం 9 అమైనో ఆమ్లాలు. ఇన్సులిన్‌లో 51. జీవం ప్రధానంగా వాడుకునేది 20 రకాల అమైనో ఆమ్లాలనే. వాటిని ఏ వరసలో కూర్చితే ఆ పని చేసే అణువు వస్తుంది.

ప్రతి అమైనో ఆమ్లానికీ ఒక కొసన అమైన్ గుంపు, మరో కొసన ఆమ్ల గుంపు ఉంటాయి. ఒకదాని ఆమ్లపు కొస మరొకదాని అమైన్ కొసతో కలిసినప్పుడు ఆమ్లం వైపు నుంచి ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్, అమైన్ వైపు నుంచి ఒక హైడ్రోజన్ ఊడిపోతాయి. ఊడినవి కలిస్తే నీటి అణువు. అంటే ముడి పడిన ప్రతిసారీ ఒక నీటి చుక్క, అణువు లెక్కలో, బయటికి పోవాలి. చుట్టూ నీళ్లే ఉన్నచోట అది బయటికి పోవడం ఎలా? తడిగుడ్డను చెరువులో ముంచి ఉంచి ఆరబెట్టినట్టే ఉంటుంది వ్యవహారం. సాధారణ ఉష్ణోగ్రత దగ్గర గ్లైసీన్ ద్రావణాన్ని ఎన్నేళ్లు ఉంచినా అందులో జంటలుగా కలిసేది అత్యల్పం, మూడు నాలుగు కలిసిన గొలుసులు ఇంకా అరుదు.

ఇక్కడే ఈ విషయంలోని విరోధమంతా ఉంది. ప్రాణం నీళ్లలోనే పుట్టిందని అందరం నమ్ముతాం, నమ్మడానికి తగిన కారణాలూ ఉన్నాయి. కానీ ప్రాణానికి మూలమైన ఈ ముడి నీళ్లలో పడటానికి ఇష్టపడదు.

మన ఒంట్లో మాత్రం ఆ ముడి క్షణక్షణం పడుతూనే ఉంది. బాక్టీరియాలో ప్రొటీన్లను తయారుచేసే రైబోజోమ్ సెకనుకు 15 నుంచి 20 అమైనో ఆమ్లాలను గొలుసుకు చేరుస్తుంది. అందుకు కణం శక్తిని ఖర్చుపెడుతుంది. ముందుగా ప్రతి అమైనో ఆమ్లాన్నీ ఏటీపీ అనే అణువుతో చర్య జరిపించి చురుకైన రూపంలోకి తెస్తుంది, ఆ తర్వాతే అది గొలుసులో చేరగలుగుతుంది. ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి వెలికితీసినవాడు భీమవరంలో 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా దాన్ని కనిపెట్టాడు. నేడు ప్రతి కణంలోనూ పెప్టైడ్ ముడికి ధర చెల్లించే నాణెం అదే. మరి తొలి భూమ్మీద ఏటీపీ లేదు, రైబోజోమ్ లేదు, ఎంజైమ్ ఒక్కటీ లేదు. అప్పుడు ఆ ధర ఎవరు చెల్లించారు?

సరిగ్గా ఆ 1929లోనే ఇంగ్లండులో జె.బి.ఎస్. హాల్డేన్ జీవం పుట్టుక మీద ఒక చిన్న వ్యాసం రాశాడు. ఆక్సిజన్ లేని తొలి వాతావరణంలో సూర్యుడి అతినీలలోహిత కిరణాల వల్ల రకరకాల కర్బన పదార్థాలు తయారై సముద్రంలో పేరుకున్నాయనీ, ఆ సముద్రం వేడిగా పలుచగా ఉన్న చారులా మారిందనీ ఊహించాడు. రష్యాలో ఒపారిన్ 1924లోనే ఈ దారిలో ఆలోచించాడు. తర్వాతి కాలంలో హాల్డేన్ భారతదేశానికి వచ్చి స్థిరపడి ఇక్కడి పౌరుడయ్యాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. తన దేహం వైద్య విద్యార్థుల చదువుకు పనికిరావాలని కోరుకున్నందున దాన్ని మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. జీవం ఎలా పుట్టిందో రసాయనంగా ఆలోచించవచ్చని ప్రపంచానికి ధైర్యం చెప్పిన తొలి మనుషుల్లో ఒకడు తన చివరి పాఠం తెలుగు పిల్లలకు చెప్పాడన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉండి తీరాల్సింది.

హాల్డేన్ ఊహలో సగానికి 1953లో రుజువు దొరికింది. షికాగోలో హెరాల్డ్ యూరీ దగ్గర పరిశోధన చేస్తున్న కుర్రవాడు స్టాన్లీ మిల్లర్ గాజు పాత్రల్లో మీథేన్, అమోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి నింపి విద్యుత్ మెరుపులు పంపాడు. కొద్ది రోజుల్లో గ్లైసీన్, అలనీన్ వంటి అమైనో ఆమ్లాలు వచ్చాయి. ఆనాటి వాతావరణంలో మీథేన్, అమోనియా అంతగా ఉండేవి కావని తర్వాత చాలామంది అభ్యంతరం చెప్పారు. ఆ వాదన ఎలా తేలినా అమైనో ఆమ్లాలకు కరువు లేదని మాత్రం స్పష్టమైంది. 1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్‌లో పడిన ఉల్కలో డజన్ల కొద్దీ అమైనో ఆమ్లాలు బయటపడ్డాయి. నాసా నౌక బెన్నూ అనే గ్రహశకలం నుంచి తెచ్చిన మట్టిలో జీవం వాడుకునే 20లో 14 ఉన్నాయని 2025 జనవరిలో ప్రకటించారు. ఇటుకలు ఆకాశంలోనూ తయారవుతున్నాయి, నేల మీదా తయారవుతున్నాయి. గోడ లేవడం దగ్గరే కథ ఆగింది. హాల్డేన్ చెప్పిన పలుచటి చారు సరిగ్గా పెప్టైడ్‌కు అనుకూలించని చోటు.

మిల్లర్‌కూ ఈ చిక్కు తెలుసు. 1958లో ఆయన మెరుపుల ప్రయోగంలోకి సయనమైడ్ అనే పదార్థాన్ని కూడా చేర్చాడు. అది నీటిని లాగేసుకుని ముడి పడటానికి తోడ్పడుతుంది. వచ్చిన పదార్థాన్ని చిన్న సీసాల్లో పెట్టి దాచాడు కానీ పరీక్షించలేదు. ఆయన 2007లో పోయాక, శిష్యుడు జెఫ్రీ బాడా తదితరులు ఆ సీసాలను నేటి పరికరాలతో పరీక్షించి 2014లో ఫలితాలు వెల్లడించారు. వాటిలో అమైనో ఆమ్లాలతో పాటు, రెండేసి అమైనో ఆమ్లాలు కలిసిన పెప్టైడ్‌లు ఉన్నాయి. దాదాపు అరవై ఏళ్ల కిందటి ప్రశ్నకు సమాధానం అటక మీద ఎదురుచూసిందన్నమాట.

నీటిని వదిలించుకోవడానికి సూటైన మార్గం ఆరబెట్టడం. ఫ్లోరిడాలో సిడ్నీ ఫాక్స్ 1950ల్లో పొడి అమైనో ఆమ్లాలను 150 డిగ్రీలకు పైగా వేడిచేసి గొలుసుల్లాంటివి తెచ్చాడు. అవే తొలి ప్రొటీన్లని గట్టిగా వాదించాడు కూడా. నాకు ఆ వాదన నిలిచేదిగా కనిపించదు. అంత వేడికి ముడులు చోటుకాని చోట్ల పడి చిందరవందర అవుతాయి, పైగా అగ్నిపర్వతపు అంచున పొడి అమైనో ఆమ్లాలు పోగుపడి ఉండటం అసహజం. అయినా ఎండటమే తాళంచెవి అన్న ఆయన సూచన వృథా పోలేదు.

ఎండాకాలంలో మన చెరువు అంచును దగ్గరగా చూడండి. వానాకాలంలో చెరువంతా కరిగి కనపడకుండా ఉన్న ఉప్పులు నీరు వెనక్కి తగ్గేకొద్దీ ఒడ్డున చౌడుగా తేలుతాయి. బంకమట్టి నెర్రెలిస్తుంది. మళ్లీ వాన పడితే నెర్రెలు పూడి ఉప్పులు కరుగుతాయి. తొలి భూమ్మీద అగ్నిపర్వత ద్వీపాల గుంటల్లోనూ ఇదే జరిగి ఉంటుంది, చౌడుతో పాటు అమైనో ఆమ్లాలు కూడా ఆ అంచున పోగుపడి ఉంటాయి. అప్పటికి చంద్రుడు మనకు ఇంకా దగ్గరగా ఉన్నాడు, భూమి వేగంగా తిరుగుతూ ఉంది, పగలూ రాత్రీ రెండూ పొట్టివి. తడి, పొడి త్వరత్వరగా మారుతూ ఉండేవి.

ఈ ఊహను 1978లో లహావ్, వైట్, చాంగ్ పరీక్షించారు. బంకమట్టిలో గ్లైసీన్ కలిపి తడిపారు, వేడిలో ఆరబెట్టారు, మళ్లీ తడిపారు. ఐదు గ్లైసీన్ల దాకా గొలుసులు వచ్చాయి. బంకమట్టి పొరలు అణువులను పట్టి పక్కపక్కన ఉంచుతాయి. ఇంకో సంగతి దీనికి అండగా నిలుస్తుంది. నీళ్లలో పెప్టైడ్ ముడి పడటం కష్టమైనట్టే, ఒకసారి పడ్డాక ఊడటం కూడా ఆలస్యమే. మామూలు వేడిలో, ఆమ్ల క్షార గుణాలు రెండూ లేని నీళ్లలో ఒక ముడి విడిపోవడానికి సగటున వందల ఏళ్లు పడుతుంది. కాబట్టి ఎండినప్పుడు పడిన ముడి తడిసినప్పుడు వెంటనే ఊడదు. మరుసటి ఎండకు ఇంకొకటి చేరుతుంది. ఒకవైపే తిరిగే పళ్లచక్రంలా గొలుసు మెల్లమెల్లగా పెరుగుతుంది.

అడ్డంకి ఒకటి మిగిలింది. రెండు అమైనో ఆమ్లాలు కలిసిన జంట తరచుగా తన తోకను తానే పట్టుకుని ఉంగరమైపోతుంది. డైకీటోపైపరజీన్ అంటారు దీన్ని. అక్కడి నుంచి గొలుసు పెరగడం కష్టం. దీన్ని దాటే ఉపాయం 2015లో అమెరికాలో నికొలస్ హడ్ బృందం చూపింది. పెరుగులో పులుపుకు కారణమైన లాక్టిక్ ఆమ్లం లాంటి హైడ్రాక్సీ ఆమ్లాలు మిల్లర్ పాత్రల్లోనూ ఉల్కల్లోనూ అమైనో ఆమ్లాలతో పాటే ఉంటాయి. వీటికి అమైన్ బదులు హైడ్రాక్సిల్ గుంపు ఉంటుంది. ఇవి ఎండితే ఎస్టర్ ముడులతో సులువుగా గొలుసు కడతాయి. ఆ గొలుసులోకి పక్కనున్న అమైనో ఆమ్లం చొరబడి ఎస్టర్‌ను తోసేసి ఆ స్థానంలో పెప్టైడ్ ముడి వేస్తుంది. మళ్లీ తడిసినప్పుడు బలహీనమైన ఎస్టర్లు తెగుతాయి, పెప్టైడ్ ముడులు నిలుస్తాయి. 65 నుంచి 85 డిగ్రీల వేడిలోనే, నిప్పులాంటి కొలిమి అవసరం లేకుండా, తడి పొడి మార్పులతో పెప్టైడ్ వాటా పెరుగుతూ పోయింది. ఇప్పటిదాకా చదివిన ప్రతిపాదనల్లో నన్ను ఎక్కువగా ఒప్పించింది ఇదే. ఎక్కడా అపురూపమైన పదార్థం అక్కర్లేదు, ఎండా వానా ఉంటే చాలు.

ఎండే పని లేకుండా నీళ్లలోనే ముడి వేసే మార్గాలూ ఉన్నాయి. అగ్నిపర్వతాల నుంచి వచ్చే కార్బొనిల్ సల్ఫైడ్ వాయువును అమైనో ఆమ్లాల ద్రావణంలోకి పంపితే గది ఉష్ణోగ్రతలోనే నిమిషాల నుంచి గంటల్లో పెప్టైడ్‌లు వస్తాయని 2004లో లీమన్, ఓర్గెల్, ఘదిరి చూపారు, కొన్నిసార్లు 80 శాతం దాకా. సముద్రపు తుంపరల్లాంటి సూక్ష్మ బిందువుల మీద, నీరూ గాలీ కలిసే సరిహద్దులో, అమైనో ఆమ్లాలు మిల్లీసెకన్లలో జతకూడతాయని 2022లో గ్రహామ్ కుక్స్ బృందం ప్రకటించింది. సముద్రం అడుగున వేడినీటి బుగ్గల గురించి కూడా చాలా రాశారు. 1999లో జపాన్‌లో ఆ పరిస్థితులను అనుకరిస్తే గ్లైసీన్ గొలుసులు కొన్ని వచ్చాయి, అయితే అంత వేడి నీరు ముడి వేసినంత తొందరగా విప్పేస్తుంది కూడా.

లండన్‌లో మాథ్యూ పౌనర్ బృందం 2019లో ప్రశ్ననే తిరగేసింది. అమైనో ఆమ్లాలతోనే ఎందుకు మొదలుపెట్టాలి? అవి తయారయ్యే క్రమంలో ముందు అమైనోనైట్రైల్ అనే రూపం వస్తుంది, అది నీటితో చర్య జరిపితేనే అమైనో ఆమ్లమవుతుంది. మామూలు నీళ్లలో అమైనో ఆమ్లపు అమైన్ కొస ఒక ప్రోటాన్‌ను పట్టుకుని ఉంటుంది, ముడికి చేతులు ఖాళీ ఉండవు. అమైనోనైట్రైల్ కొసకు ఆ బంధనం లేదు. హైడ్రోజన్ సల్ఫైడ్ సాయంతో వీటిని నీళ్లలోనే ఒకదానితో ఒకటి కలిపి, 20 రకాల అమైనో ఆమ్లాల భాగాలతోనూ పెప్టైడ్ కట్టవచ్చని వాళ్లు చూపారు. అంటే శక్తి ధర ముందే ముడిసరుకులో దాగి ఉంది. ఆ నైట్రైల్‌లో ఉన్న శక్తి, అది నీటితో చర్య జరిపి అమైనో ఆమ్లంగా మారాక పోతుంది. మనం ఇన్నాళ్లూ ఖర్చైపోయిన ముడిసరుకుతో గోడ కట్టాలని చూశామేమో అనిపిస్తుంది.

అయితే ముడి ఎలా పడిందో తెలిసినా వరస ఎలా వచ్చిందన్నది మిగిలే ఉంది. గొలుసులోని వరసను గుర్తుపెట్టుకుని తిరిగి అదే తయారుచేయాలంటే జ్ఞాపకం కావాలి, ఆ పని ఆర్‌ఎన్‌ఏ లాంటి అణువుది. మన రైబోజోమ్‌లో ముడి పడే చోటు ప్రొటీన్‌తో కాక ఆర్‌ఎన్‌ఏతో తయారైందని 2000లో తెలిసింది. రైబోజోమ్ నిర్మాణాన్ని విప్పినందుకు 2009 నోబెల్‌లో వెంకట్రామన్ రామకృష్ణన్ భాగస్వామి అయ్యాడు. పెప్టైడ్ ముందా ఆర్‌ఎన్‌ఏ ముందా అన్న పాత తగవు అర్థం కోల్పోతోంది. 2022లో మ్యూనిక్‌లో థామస్ కారెల్ బృందం ఆర్‌ఎన్‌ఏ ముక్కల మీదే పెప్టైడ్‌లు పెరిగేలా చేసింది. 2025లో పౌనర్ బృందం గంధకం ఉన్న థయోఎస్టర్లు అనే అణువుల సాయంతో నీళ్లలోనే అమైనో ఆమ్లాలను ఆర్‌ఎన్‌ఏకి అతికించింది. రెండూ కలిసే పెరిగాయన్న దారివైపు సాక్ష్యాలు మొగ్గుతున్నాయి.

చివరి ముడి హైదరాబాద్‌లోని హబ్సిగూడకు దగ్గరది. జీవం వాడే అమైనో ఆమ్లాల్లో గ్లైసీన్ తప్ప మిగతావన్నీ కుడి ఎడమ చేతుల్లా రెండు రూపాల్లో ఉంటాయి. మెరుపుల ప్రయోగంలో రెండూ సమానంగా వస్తాయి. జీవం మాత్రం ఎడమచేతి రూపాన్నే ప్రొటీన్లలో వాడుతుంది. మర్చిసన్ ఉల్కలో ఎడమ రూపం కొంచెం ఎక్కువ కనిపించింది, ఆ పక్షపాతం ఆకాశం నుంచే వచ్చిందని చాలామంది ఆశపడ్డారు. బెన్నూ మట్టిలో రెండూ దాదాపు సమానంగా ఉండటంతో ఆ ఆశ సన్నగిల్లింది. ఎడమ రూపమే ఎందుకన్నది నేటికీ తేలలేదు. కానీ ఆ నియమాన్ని కణం ఎలా కాపాడుకుంటుందన్నది హబ్సిగూడలోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం)లో రాజన్ శంకరనారాయణన్ బృందం విడమరచి చూపింది. డీటీడీ అనే ఎంజైమ్ బాక్టీరియాలోనూ మనిషిలోనూ కాపలాగా ఉంటుంది. పొరపాటున కుడి రూపం, అమైనో ఆమ్లాలను రైబోజోమ్ దగ్గరికి చేర్చే రవాణా ఆర్‌ఎన్‌ఏకి అతుక్కుంటే దాన్ని ఊడబీకుతుంది. దాని లోపలి గూట్లో గ్లైసీన్, ప్రోలీన్ కలిసిన ఒక మలుపు ఎడమ రూపాన్ని లోపలికి రానివ్వదని ఈ బృందం తేల్చింది. కుడి రూపాన్ని ఏరి పట్టుకుని కాక, ఎడమ రూపాన్ని బయటే ఉంచడం ద్వారా ఆ ఎంజైమ్ తన పని చేస్తుంది. శంకరనారాయణన్‌కు 2020లో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది.

మన ప్రాంతపు రసాయనశాస్త్ర అధ్యాపకులకు ఒక మనవి. ఇంటర్ ప్రయోగశాలలో బైయూరెట్ పరీక్ష చేయించేటప్పుడు రెండు పరీక్షనాళికలు పెట్టండి. ఒకదానిలో పలుచన చేసిన కోడిగుడ్డు తెల్లసొన, రెండోదానిలో గ్లైసీన్ ద్రావణం. రెండింటికీ క్షారం కలిపి రెండు మూడు చుక్కల కాపర్ సల్ఫేట్ వేయండి. తెల్లసొన ఉన్నది ఊదారంగుకు మారుతుంది, గ్లైసీన్ ఉన్నది నీలంగానే ఉంటుంది. ఆ రంగు తేడాకు కారణం పెప్టైడ్ ముడి ఉండటం, లేకపోవడం. ఆ నీలం గొట్టం ఎప్పుడు, ఏ గుంటలో, ఏ ఎండకు ఊదాగా మారిందో ఇంకా ఎవరూ పూర్తిగా చెప్పలేదని పిల్లలకు చెప్పండి. పరీక్షల్లో మార్కుల కోసం చదివే ఈ పాఠంలో ఇంకా తేలని ప్రశ్న ఉందని తెలిస్తే నిడమనూరు, కోదాడ, సూర్యాపేట పిల్లల్లో ఒకరిద్దరైనా దాని వెంట పడతారు.